కత్తెర వర్గం, చెంబు వర్గం

ఆ రోజుల్లో మధ్యాహ్నాలు ఇప్పటికంటే పొడుగ్గా ఉండేవని నా గట్టి నమ్మకం. గడియారమూ ఇదే, ఎండా ఇదే. కానీ అన్నం తిని అంగడి గడప దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటే, సాయంత్రం ఎక్కడో అవతలి ఊళ్లో బస్సు తప్పిపోయినట్టు ఎంతకీ వచ్చేది కాదు. పుత్తూరు బజారులో మా నాయనది పాత్రల అంగడి. గోడకు అటువైపు టైలరు చాచా కొట్టు. చాచా నాకొక్కడికే కాదు, బజారంతటికీ చాచానే. మా నాయన కూడా ఆయన్ని చాచా అనేవాడు, ఆయన మా నాయనను అన్నా అనేవాడు, ఇద్దరిలో ఎవరు పెద్దో మాకెప్పుడూ తేలలేదు. చాచా కొడుకు నా ఈడువాడు. టైలరు కొడుకు గనుక వాడు కత్తెర, పాత్రలవాళ్ల అబ్బాయిని గనుక నేను చెంబు. బళ్లో ఎవరో పెట్టిన ఈ పేర్లు మా అసలు పేర్లను ఎంత బాగా మింగేశాయంటే, పోస్టుమ్యాను కూడా 'చెంబూ' అని కేకేసి ఉత్తరం ఇచ్చేవాడు. నేను డిగ్రీలో ఒక పేపరు మిగిలిపోయి అంగట్లో కూర్చున్నవాణ్ణి, వాడు ఇంటరుతో ఆపేసి మిషను తొక్కుతున్నవాడు. ఆ మిషను చప్పుడు గోడలోంచి సన్నగా వస్తుంటే నాకు కళ్లు మూతలు పడేవి. చప్పుడు ఆగితే మాత్రం ఠక్కున మెలకువ వచ్చేది. వాడు క్యారమ్స్‌కు లేచాడని దాని అర్థం.

క్యారమ్ బోర్డు ఎదురుగా టీ అంగడి రేకుల పందిరి కింద ఉండేది. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి మా ఊరికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు గదా, వాళ్లకు బస్సు వచ్చేదాకా పొద్దుపోవాలి. అందుకని మా ఆటకు చూసేవాళ్ల కొరత ఎప్పుడూ లేదు. చేతికి కట్టుతో కొందరు, కాలికి కట్టుతో కొందరు బెంచీల నిండా కూర్చుని చూసేవాళ్లు. చప్పట్లు కొట్టాలంటే ఒక్క చెయ్యే ఖాళీగా ఉండేది గనుక తొడ మీద చరిచేవాళ్లు (ఒక్కోసారి పక్కవాడి తొడ మీద, అతని కాలు విరిగిందన్న సంగతి మరిచిపోయి). బోరిక్ పౌడరు వాసన, మరిగే టీ వాసన, కట్టు నుంచి వచ్చే పసరు వాసన కలిసిపోయి ఉండే ఆ పందిరి కింద నా ఇరవయ్యో ఏడు, ఆ తర్వాతి ఏళ్లు చాలా హాయిగా వృథా అయిపోయాయి.

ఆడనివాళ్ల కోసం ఒక్క మాట చెప్పాలి. బోర్డు మధ్యలో ఉండే ఎర్రకాయను మేము రెడ్డు అంటాం. రెడ్డును గుంటలో వేస్తే చాలదు, వెంటనే మన కాయ ఇంకొకటి వేసి దానికి కవరు ఇవ్వాలి. కవరు పడకపోతే రెడ్డు మళ్లీ బోర్డు మధ్యకు వచ్చి కూర్చుంటుంది. ఆ రోజు నేను రెడ్డును వేశాను. కవరు కోసం కొట్టిన తెల్లకాయ బద్ధకంగా వెళ్లి, గుంట అంచు మీద సగం లోపల, సగం బయట ఆగింది. సరిగ్గా అప్పుడే ఐరాల నుంచి వచ్చిన ఒకాయన ఉత్సాహం పట్టలేక ముందుకు వంగాడు. ఆయన కట్టు చెయ్యి బోర్డుకు తగిలిందని కత్తెర అంటాడు, తగలలేదని నేనంటాను. (ఆ పెద్దమనిషిని అడిగితే, కట్టు లోపల చెయ్యి తిమ్మిరెక్కి ఉందనీ, తగిలిందో లేదో తనకు తెలియదనీ చెప్పాడు.) మొత్తానికి కాయ పడింది.

మాటా మాటా పెరిగింది. "రెడ్డును ఏసేసినాను, కవరు గూడా ఏసినాను, ఇంగేం కావల్లరా నీకు" అని నేను. "నువ్వు ఏసేదేందిరా, రేపు సాయంత్రం ఈడనే రెడ్డును నేను ఏస్తా సూడు" అని వాడు. టీ అంగడి మామ ఊరుకోకుండా, కత్తెర దిగినాడంటే రెడ్డు కత అయిపోయినట్లేనని ఎగదోశాడు. నేను పౌడరు డబ్బా విసిరాను. వాడు నా చొక్కా పట్టుకున్నాడు. ఆ చొక్కా కుట్టింది వాడే. కాలరు చిరగలేదు గానీ (వాడి కుట్టు అలాంటిది) పై గుండీ తెగి ఎటో ఎగిరిపోయింది.

అది ఎన్నికల కాలం. బందోబస్తుకని కోస్తా జిల్లాల నుంచి పోలీసులను తెచ్చి మా ఊళ్లోనూ దింపారు. వాళ్లలో ఒక కానిస్టేబులు ఆ వెనక బెంచీలోనే టీ తాగుతున్నాడు. రాయలసీమలో అడుగుపెట్టడం ఆయనకదే మొదటిసారి. సీమ అంటే ఆయనకు సినిమాల్లో చూసిందే. మా పుత్తూరులో విరిగిన ఎముకలు కట్టడం తప్ప విరగ్గొట్టడం తెలియదని ఆయనకెవరు చెప్పాలి? పోటీలో ఉన్న అభ్యర్థుల్లో సగం మంది పేర్ల చివర 'రెడ్డి' ఉంది. ఆయన చెవికి చేరింది ఇంతే: రెడ్డిని ఏసేశాం, మిగిలినవాణ్ణి రేపు సాయంత్రం ఇక్కడే ఏస్తాం, కత్తెర దిగుతాడు. పాపం, ఆయన టీ గ్లాసు కింద పెట్టడం కూడా మరిచిపోయి ఆ గ్లాసుతోనే పరిగెత్తాడు. కాసేపటికి జీపు వచ్చింది. మేమింకా కవరు గురించే వాదించుకుంటూ జీపు ఎక్కాం.

స్టేషన్లో మా ఊరి ఎస్సై విషయం అర్థమై కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. కానీ సంగతి అప్పటికే వైర్‌లెస్సులో పైకి వెళ్లిపోయింది. పైవాళ్లకు చెప్పాక కింద నవ్వుకుని వదిలేస్తే కుదరదట. అందుకని హత్యకు పథకం తీసేసి, బజారులో గొడవ అని రాశారు. రాసేటప్పుడు మా అసలు పేర్లు అడిగారు. అలియాసులు అడిగారు. కత్తెర, చెంబు అని చెబితే రైటరు ఎంతో గౌరవంగా రాసుకున్నాడు. మా పేర్లు పక్కపక్కన చూశాక ఆయన ముఖం ఎందుకో గంభీరంగా మారింది. కింద ఇంకో వాక్యం చేర్చి చదివి వినిపించాడు: 'ఇరువర్గాల మధ్య ఉద్రిక్తత నెలకొన్నందున'. వర్గాలంటే ఎవరు సార్ అని కత్తెర నిజంగానే తెలియక అడిగాడు. ఒకటి నువ్వు, ఇంకొకటి వాడు అన్నాడాయన. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఒకే గోడకు చెరోవైపు పుట్టి పెరిగినందుకు మమ్మల్ని అన్నదమ్ములన్నారు, దొంగలన్నారు, పనికిమాలినవాళ్లన్నారు గానీ వర్గాలని ఎవరూ అనలేదు.

మర్నాడు మమ్మల్ని ఎమ్మార్వో ఆఫీసుకు పంపారు. (ఇప్పుడు తహసీల్దారు అంటున్నాం, అప్పట్లో ఎమ్మార్వో.) ఆదాయం సర్టిఫికెట్లూ పాసుపుస్తకాలూ ఇచ్చే మేడమ్‌కు మెజిస్ట్రేటు అధికారం కూడా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. జరిగిన తప్పుకు శిక్ష వేసేది పెద్ద కోర్టు. ఇంకా జరగని తప్పును ముందే పిలిచి కూర్చోబెట్టేది ఈ మేడమ్. ఫలానావాడి వల్ల ఊరి శాంతికి భంగం కలిగేలా ఉందని పోలీసులు పంపితే, బుద్ధిగా ఉంటానని ఆమె బాండు రాయించుకుంటుంది. దాన్నే మా వైపు బైండోవరు అంటారు. ఆమెకు ఆ రోజు బాగా జలుబు చేసి ఉంది. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని 'అలియాస్ చెంబు' దగ్గర ఆగి, కళ్లద్దాల మీదుగా నన్ను చూసింది. జరిగిందంతా విని, ఇద్దరినీ చీవాట్లు పెట్టి, ఫైలు మూసేసి, పొండి అంది. మేం దండం పెట్టి తలుపు దాకా వచ్చేశాం. ఇంకొక్క అడుగు వేసుంటే ఈ కథ లేదు.

వెనక నుంచి మేడమ్, కాస్త తగ్గు గొంతుతో, తాను కూడా కాలేజీలో ఆడేదాన్నని చెప్పి అడిగింది: "ఇంతకీ కవరు పడిందా?"

"పడింది మేడమ్."

"పళ్ళేదు మేడమ్."

తర్వాతది నాకు కలలాగా గుర్తుంది. ఎలా జరిగిందో చూపిస్తానని నేను వెనక్కి వెళ్లి ఆమె బల్ల అంచునే గుంట అనుకోమన్నాను. పేపరువెయిటు స్ట్రైకరు అయింది. ఆఫీసు గుండ్రటి ముద్ర తెల్లకాయ అయింది. చెయ్యి ఎట్లా తగిలిందో చూపిస్తానని కత్తెర బల్ల మీద వాలాడు. ముద్ర బల్ల మీది నుంచి జారి, దొర్లుకుంటూ బీరువా కిందికి వెళ్లిపోయింది. ఇది పడినట్టా, పడనట్టా అని మళ్లీ మొదలుపెట్టాం. అటెండరు మా మధ్యకు దూరి ఇద్దరినీ విడదీశాడు. మేడమ్ మూసిన ఫైలును నెమ్మదిగా దగ్గరకు లాక్కుని మళ్లీ తెరిచింది.

"చూడండి నాయనా, నాకుండే అధికారం చాలా చిన్నది. మీ కోపాన్ని నేను తీసెయ్యలేను. ఆరు నెలలు దాన్ని బీరువాలో పెట్టి తాళం మాత్రం వెయ్యగలను" అంది.

బాండుకు జామీను కావాలి. సొంత తండ్రి జామీను చెల్లదని, బయటివాళ్లెవరైనా రావాలని చెప్పారు. బయట వరండాలో మా నాయనా చాచా ఒకే బెంచీ మీద కూర్చుని, ఎవరి కొడుకును వాళ్లు తిట్టుకుంటున్నారు. విషయం విని ఇద్దరూ ఒక్కసారే లేచి లోపలికి వచ్చారు. చాచా నాకు, మా నాయన కత్తెరకు. గుమాస్తా కలం ఆపేసి, ఎదుటి వర్గంవాళ్లే జామీను ఇస్తే ఎట్లా అని మేడమ్ వైపు చూశాడు. మేడమ్ కిటికీ వైపు చూసింది. చాచా మాత్రం గుమాస్తానే చూస్తూ, "వర్గమేంది సామీ? ఈ పిల్లోడి మొదటి నిక్కరు నేనే కుట్టినా. వీడు గొడవ చేస్తే నా మిషన్లు ఎత్తుకపోండి" అన్నాడు. సంతకం పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, ఇంకెవరికీ వినబడకుండా "నా మానం నీ చేతిలో ఉండాది బేటా" అన్నాడు. అప్పటిదాకా నాకు అదంతా తమాషాగానే ఉంది. ఆ మాటతో లెక్క అర్థమైంది. ఇక నేను కత్తెర మీద కోప్పడితే కత్తెర వాళ్ల నాయన మిషన్లు పోతాయి. వాడు నా మీద కోప్పడితే మా నాయన అంగడి పోతుంది. ఇంత చక్కగా కట్టు కట్టడం మా ఊరి వైద్యులకు కూడా చేతకాదు.

బైండోవరు అయినవాడు ఎవరితోనూ గొడవపడకూడదని బజారంతా తెలిసిపోయింది. దాంతో మమ్మల్ని వాడుకోని మనిషి లేడు. క్షవరం అంగట్లో నా వంతు వచ్చేసరికి ఇంకెవరో కూర్చునేవాళ్లు. పెద్దావిడ ఒకామె, కొత్త పాత్రలో పొంగలి వండుకుని తిని, అడుగు మాడిందని తెచ్చి వాపసు ఇచ్చింది. నేను నవ్వుతూ తీసుకుని లోపలికి వెళ్లి తోముకున్నాను. కత్తెర పరిస్థితి ఇంకా అన్యాయం. ఒకాయన ఒకే ప్యాంటును వదులు చేయించి, బిగువు చేయించి, మళ్లీ వదులు చేయించాడు, కోప్పడకుండా కుట్టే టైలరు మళ్లీ దొరకడని.

అక్కడితో అయితే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. కానీ 'ఇరువర్గాలు' అన్న మాట స్టేషను గడప దాటి బయటికి వచ్చింది. ఒక మధ్యాహ్నం నాకు ముఖపరిచయం కూడా లేని కుర్రవాళ్లు నలుగురైదుగురు మా అంగడి ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నీ ఎనకాల మేముండాము అన్నా, ఒక్క మాట చెప్పు చాలు అన్నారు. నాకెందుకురా మీరు అంటే, నీ కోసం కాదన్నా, మన కోసం అన్నారు. గోడకు అటువైపు చూస్తే కత్తెర కొట్టు ముందు కూడా అంతమందే కూర్చుని ఉన్నారు, వాడికీ వాళ్లెవరో తెలియదు. రెండు గుంపులూ ఒకదాన్నొకటి ఉరిమి చూసుకుంటున్నాయి. ఆ రోజు నేను నిజంగా భయపడ్డాను. జైలుకు కాదు, మిషన్లకూ కాదు. రైటరు పొరపాటున రాసిన ఆ మాట నిజమైపోతుందేమోనని, రేపటి నుంచి నేనా గోడ అవతలికి పోలేనేమోనని భయం. మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. అంతలో ఆగింది.

కత్తెర బయటికి వచ్చాడు. వాడి వెనక ఆ కుర్రవాళ్లు లేచి నిలబడ్డారు. నా పక్కవాళ్లూ లేచారు. వాడు ఎవరినీ చూడకుండా మా గడప ఎక్కి, నా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నోట్లో సూది ఉంది, చేతిలో దారం ఉంది. "ఒరే చెంబూ, ఆ చొక్కా ఇట్లియ్యి. గుండీ లేకుండా యాడికి పోయినా నా కుట్టుకే గదా చెడ్డపేరు" అన్నాడు. నేను చొక్కా విప్పి ఇచ్చి బనీను మీద వాడి కాళ్ల దగ్గర కూర్చున్నాను. దారం కొస పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. ఒక గుండీ కుట్టడానికి అంత సేపు పట్టదు. వాడు ఆ గుండీ కుట్టి, పనిలో పనిగా మిగిలినవన్నీ విప్పి మళ్లీ కుట్టాడు. రెండు గుంపులూ మా ఇద్దరినీ చూస్తూ నిలబడి, కాళ్లు నొప్పిపుట్టి కూర్చుని, టీలు తాగి, ఆవులించి, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మరి రెండు రోజులు వచ్చారు. మేం మళ్లీ చొక్కాలే కుట్టుకుంటున్నాం. ఆ తర్వాత రాలేదు. నా వర్గం అట్లా రద్దయిపోయింది. వాడి వర్గం కూడా.

మిగిలిన నెలలు ఎలా గడిచాయో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు తేలికవుతుంది. కోపం రాకూడదని సర్కారు వారు ఉత్తర్వు ఇచ్చాక మనిషికి ఎంత తీరిక దొరుకుతుందో చెప్పలేను. పోట్లాడే పని లేకపోయేసరికి నాకు అన్నీ కనిపించడం మొదలైంది. ఎండ పాత్రల మీద పడి పైకప్పు మీద కదలాడే వెలుగు, కొండ మీద వాన మొదలై బజారుకు చేరేలోగా వచ్చే మట్టి వాసన, మామిడి పూత రోజుల్లో గాలికి వచ్చే మత్తు. ఆ మత్తులోనే చదివి మిగిలిపోయిన పేపరు కూడా రాసేశాను (పాస్ కాలేదు, అది వేరే సంగతి). క్యారమ్ బోర్డును ఎస్సై మాట మీద టీ అంగడి మామ అటక ఎక్కించేశాడు. మేం ఊరికే బెంచీ మీద కూర్చుని, కట్లు కట్టించుకున్నవాళ్లు ఎట్లా పడ్డారో కథలు చెప్పించుకునేవాళ్లం.

బాండు గడువు తీరిన రోజు బజారులో తిరునాళ్ల కళ వచ్చింది. పాత గొడవ ఈ రోజు తేలుతుందని అందరూ పనులు మానుకుని వచ్చారు. మామ బోర్డు దింపి దుమ్ము దులిపాడు. బెంచీల నిండా కట్లు. మేం ఎదురెదురుగా కూర్చున్నాం. నువ్వు కొట్టు అన్నాను. నువ్వే కొట్టరా అన్నాడు. నా కాయ వాడి చేతికి అడ్డం వస్తే సారీ అన్నాను. వాడి స్ట్రైకరు గుంటలో పడితే, పర్లేదు మళ్లీ కొట్టుకో అన్నాను. రెడ్డు మధ్యలో అట్లాగే కూర్చుని ఉంది, దాన్ని ముట్టుకోవడానికి ఇద్దరికీ మనసు ఒప్పలేదు. చివరికి కాలికి కట్టు ఉన్న ఒకాయన, దీనికోసమా నేను బస్సు వదులుకున్నది అని విసుక్కుంటూ లేచాడు. ఆ రోజుకు ఆట అయిపోయింది.

తర్వాత కత్తెర తిరుపతిలో సొంత కొట్టు పెట్టుకున్నాడు. నేను పుత్తూరులోనే, అదే గడప దగ్గర, అదే రకం స్టూలు మీద ఉన్నాను. గోడకు అటువైపు ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి ఉంది, దానికి చప్పుడు ఉంది గానీ నిద్ర పట్టించే చప్పుడు కాదు. ఈ మధ్య తిరుపతిలో వాడి కూతురి పెళ్లికి వెళ్లాను. ఆ పిల్లకు నేను చాచాను. షేర్వాణీలో వాడిని చూసి గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది. వాడు మాత్రం నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి వియ్యంకుడి ముందు నిలబెట్టాడు.

"ఈయన మా ఎదుటి వర్గం" అన్నాడు.

వియ్యంకుడు గారు ఏమీ అర్థం కాక, అయినా చాలా జాగ్రత్తగా నన్ను ఆలింగనం చేసుకున్నారు. వచ్చిన ప్రతి చుట్టానికీ వాడు నన్ను అట్లాగే పరిచయం చేశాడు. చాచా లేడు, మా నాయనా లేడు. ఇంతమందిలో ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లం మేమిద్దరమే మిగిలామని అప్పుడు అనిపించింది. పిల్లను సాగనంపేటప్పుడు వాడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. బస్టాండు దాకా వచ్చి నన్ను బస్సు ఎక్కించి, కిటికీ పట్టుకుని నిలబడి, బస్సు కదిలాక వెళ్లిపోయాడు.

బస్సు వడమాలపేట దాటుతుండగా ఫోను మోగింది. కత్తెరే. అలవాటైన పలకరింపులేవీ లేకుండా, "ఆ పొద్దు కవరు పడిందిలేరా. నీదే రెడ్డు" అన్నాడు.

ఎన్నేళ్లుగా ఎదురుచూసిన మాట అది. వింటే ఎగిరి గంతేస్తానని అనుకునేవాణ్ణి. తీరా విన్నాక గుండెల్లో ఏదో ఖాళీ అయినట్టు దిగులేసింది. వీడు ఒప్పేసుకుంటే ఇక మాకు మిగిలేదేముంది? "పళ్ళేదురా, ఆ ఐరాలాయన చెయ్యి తగిలింది" అన్నాను. నిజానికి తగిలిందో లేదో నాకిప్పుడు గుర్తు లేదు. వాడు ఊరుకోలేదు, పడింది అన్నాడు. పళ్ళేదు అన్నాను. పడింది, పళ్ళేదు అని ఇద్దరం గొంతులు పెంచుకున్నాం. అవతల వాడి గొంతులో నవ్వు వినిపించింది. రేపు మాట్లాడదామని ఫోను పెట్టేశాడు.

పక్కసీటాయన ఇందాకటి నుంచి నన్నే చూస్తున్నాడు. జుట్టు నెరిసిన మనిషిని ఇంతగా బాధపెట్టిన సంగతేమిటా అని జాలిపడినట్టున్నాడు. ఏం పడిపోయిందన్నా అని అడిగాడు. కవరు అన్నాను. అయ్యో అని ఆయన సీటు కిందికి వంగి, నా ప్లాస్టిక్ కవరు కోసం చీకట్లో చేత్తో తడుముతూ శ్రద్ధగా వెతకసాగాడు. ఏం చెప్పి ఆపాలో తెలియక నేనూ వంగి ఆయనతో పాటు వెతకడం మొదలుపెట్టాను.